ఈ దసరాకి ఒక్క రాత్రి నాటకానికి

ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి క్వార్టర్లీ పరీక్షలు అయిపోయి, పిల్లల బ్యాగుల్లో హాలిడే హోంవర్క్ పుస్తకం చేరి ఉంటుంది. దాని సంగతి మీరు ఎలాగూ చూసుకుంటారు. నేను అడిగేది అందులో లేని పని. ఈ దసరా సెలవుల్లో ఒక్క రాత్రి పిల్లల్ని నాటకానికో, హరికథకో, పాటకచేరీకో తీసుకెళ్ళండి. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల నవరాత్రుల్లో వెతికితే ఏదో ఒక గుడి దగ్గర ఏదో ఒకటి ఉంటుంది.

"ఫోన్లో చూపిస్తే సరిపోదా మేడమ్?" అని పేరెంట్స్ మీటింగ్‌లో ఒకరు అడిగారు. సరిపోదండీ. పోయినేడు మా అక్క కొడుకుని మా ఊళ్ళో హరిశ్చంద్ర కాటిసీనుకి తీసుకెళ్ళాను. ఐదో తరగతి, మన పిల్లల్లాంటి పిల్లాడే. నటుడు పద్యం ఎత్తుకోగానే వాడు నా చెవిలో అడిగాడు: "పిన్నీ, ట్రాక్ ఎక్కడ పెట్టారు?" స్టేజీ మీద పాట అంటే రికార్డు పెట్టి పెదాలు కదపడమని వాడి లెక్క. వాణ్ణి అనడానికేముంది, యాన్యువల్ డేలకి మనం నేర్పించేది అదే కదా. హార్మోనియం ఆయన కనపడేచోటుకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. పద్యం చివర రాగం ఎంతసేపు తీయాలో నటుడు అప్పటికప్పుడు అనుకుంటాడు. హార్మోనియం ఆయన అతని ముఖం చూస్తూ వెనకే నడుస్తాడు, ఊపిరి తీసుకునే చోట తను అందుకుంటాడు. మావాడు ఇరవై నిమిషాలు ఆ వేళ్ళకేసే చూస్తూ ఉండిపోయాడు. క్లాసులో వాడు అంతసేపు ఒక్కచోట కూర్చోగా వాళ్ళ టీచర్ చూసి ఉండరు.

ఆ నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు పుట్టింది మన బాపట్ల దగ్గర ఇటికంపాడులో. కాటిసీనులో జనం ఎదురుచూసే శ్మశానం పద్యాలు జాషువా గారివి. 1920లో బాపట్లలో ఇదే హరిశ్చంద్ర ఆడాల్సిన రోజున చంద్రమతి వేషం వేసే నటుడు రాలేదు. అప్పట్లో ఆడ వేషాలు మగవాళ్ళే వేసేవారు. ఇరవై నిండని ఆ ఊరి కుర్రాడు ఒకరు ఆ చీర కట్టుకుని స్టేజీ ఎక్కారు. ఆయనే స్థానం నరసింహారావు గారు. తర్వాత తెనాలి శ్రీరామ విలాస సభలో సత్యభామగా, చింతామణిగా, రోషనారగా పేరు తెచ్చుకున్నారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్ర నాటక కళా పరిషత్తు మొదలైంది కూడా 1929లో మన తెనాలిలోనే. మన పిల్లలు బస్సు దిగి ట్యూషన్‌కి వెళ్ళే ఊళ్ళే ఇవన్నీ. వాళ్ళకి ఒక్క పేరూ తెలీదు.

పద్యాలు పిల్లలకి అర్థం కావంటారేమో. నేను షేక్స్‌పియర్ పాఠం చెప్పేటప్పుడు కూడా సగమే అర్థమవుతుంది, అలాగని మానేస్తున్నామా? వెళ్ళే ముందు అన్నం తినిపిస్తూ కథ చెప్పేయండి, చాలు. రాయబారం నాటకమైతే ఇంకో మాట కూడా ముందే చెప్పండి: ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని నటులు మారుతుంటారు. చెప్పకపోతే "ఇందాకటి కృష్ణుడు ఏమయ్యాడు?" అని మిమ్మల్ని నిలవనివ్వరు. ఇంగ్లీషు టీచర్‌గా నాకు ముచ్చటేసేది "వన్స్ మోర్". ఇంగ్లీషు బడి గడప తొక్కని మన తాతలు పద్యం బాగుంటే అరిచిన మాట అది. మీరూ అరవండి, పిల్లల చేతా అరిపించండి.

చాలామంది మీటింగ్‌లో నన్ను అడిగేది స్పోకెన్ ఇంగ్లీషు గురించే. నిజం చెప్పాలంటే మన పిల్లలకి ఇంగ్లీషు వచ్చు, వినపడదు. ఎనిమిదో తరగతిలో ఒకమ్మాయి తప్పు లేకుండా జవాబు చెబుతుంది, మూడో బెంచీ దాటదు. మైకులు లేని కాలంలో చివరి వరస దాకా మాట వినిపించిన నటుల వారసులు ఇంకా మన గుళ్ళ దగ్గర పాడుతున్నారు. గొంతు ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ ఆగాలో ఎదురుగా కూర్చుని వింటే పట్టుబడినంతగా నేను బోర్డు మీద రాస్తే పట్టుబడదు.

ఎక్కడ, ఎప్పుడు అన్నది గుడి గోడ మీద కరపత్రంలోనో, సెంటర్లో ఫ్లెక్సీ మీదో ఉంటుంది. తెనాలి వాళ్ళు రామకృష్ణ కవి కళాక్షేత్రం దగ్గర ఒకసారి కనుక్కోండి. రికార్డింగ్ డాన్సు ఉన్న రాత్రి కాకుండా చూసుకోండి మరి! రేపల్లె లైను వాళ్ళు రాత్రి తిరుగు రైలు ఉందో లేదో ముందే చూసుకోవాలి, లేదంటే దగ్గర ఊళ్ళోదే మేలు. తెల్లారేదాకా ఉండక్కర్లేదు, ఒక్క సీను చూసి వచ్చేయండి. గుడి దగ్గర టికెట్ ఉండదు కాబట్టి, పద్యం నచ్చితే పిల్లాడి చేతే యాభయ్యో వందో చదివించండి. వాడి పేరు మైకులో వస్తుంది. నటులకి వచ్చేది మరీ ఎక్కువేం కాదు. పోయినేడు మా ఊళ్ళో ముందు వరసల్లో అరవై దాటనివాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పిల్లలంటూ ఉన్నది మావాడూ, టీ అమ్మే ఆయన కూతురూ.

దసరాకి కుదరకపోతే శివరాత్రి జాగారం, శ్రీరామనవమి పందిళ్ళు ఉన్నాయి. కానీ అప్పటికి ఫైనల్ పరీక్షల హడావిడిలో మీరు వెళ్ళరు, నేనూ వెళ్ళమనను.

సెలవుల తర్వాత మొదటి రోజు నా పీరియడ్‌లో హోంవర్క్ పుస్తకాల కంటే ముందు, ఎవరు ఏం చూశారో నిలబడి చెప్పమంటాను. చివరి బెంచీకి వినపడాలి. ఆ ఒక్క పీరియడ్‌లో తెలుగులో చెప్పినా డైరీలో రాయనని పిల్లలకి చెప్పండి.