ఇంజిన్ మారితే రెఫరీ దగ్గరికే

కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో దిగిన మర్నాడే మా మేనల్లుడు, "మావయ్యా, ఊరు తర్వాత చూద్దాం, కారుకి స్మాగ్ చెక్, అదే పొల్యూషన్ పరీక్ష, ఉంది, వస్తావా?" అన్నాడు. విజయవాడ ఆటోనగర్ పక్కన పెరిగినవాణ్ణి, ఇంజిన్ మాట వినబడితే కాదంటానా! వాడిది 1993 హోండా సివిక్. అసలు ఇంజిన్ ఆయిల్ తాగేస్తోందని దాన్ని దించేసి, 1995 అక్యూరా ఇంటెగ్రా ఇంజిన్ ఎక్కించాడు. ఇంటి గ్యారేజీలో, సొంత చేతుల్తో.

స్మాగ్ చెక్ షాపులో కుర్రాడు బానెట్ ఎత్తి చూసి వెంటనే దించేశాడు. అదే రకం ఇంజిన్ వేస్తే తనే పరీక్ష చేసేవాడట. ఇది వేరే రకం, ముందు ప్రభుత్వం నియమించిన రెఫరీ చూడాలి అన్నాడు. కారుకి కూడా రెఫరీ ఉంటాడని అప్పుడే విన్నాను.

ఈ రెఫరీ కేంద్రాలు ఎక్కువగా కమ్యూనిటీ కాలేజీల్లో ఉంటాయి. అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్తే, ఆ కాలేజీ ఆవరణ ఒక ఊరంత ఉంది. ఎటు చూసినా పార్కింగే. చుట్టూ తిరిగి తిరిగి మళ్ళీ అదే ఫౌంటెన్ దగ్గర తేలాం. గ్రీజు మరకల చొక్కాతో ఒక అమ్మాయి కనిపించింది. ఆటోమొబైల్ క్లాసుకే వెళ్తోంది. "నా వెనకే రండి" అని దారి చూపించింది. మన దగ్గర ఈ పని నేర్చుకునే ఆడపిల్లలు ఎంతమంది కనిపిస్తారు? నాకు భలే సంతోషమనిపించింది.

టైము ఉందని రోడ్డు పక్కన ట్రక్కు దగ్గర టాకోలు తిన్నాం. మొక్కజొన్న రొట్టె మీద కాల్చిన మాంసం, పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం. పక్కనే పచ్చిమిర్చి సాల్సా, మన రోటి పచ్చడిలాగా నషాళానికెక్కింది. అక్కడికెళ్తే తప్పకుండా తినండి.

రెఫరీ ఒక పెద్దాయన. టార్చి పట్టుకుని ముందుగా ఇంజిన్ బ్లాకు మీద చెక్కిన అక్షరాలు చదివాడు. తర్వాత కెటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్, ట్యాంకులోని పెట్రోలు ఆవిర్లను పట్టి ఉంచే నల్లటి బొగ్గు డబ్బా, ఒక్కొక్కటీ వెతికి పట్టుకున్నాడు. ఒక సన్నని రబ్బరు గొట్టాన్ని మొదలు నుంచి కొసదాకా వేలితో తడుముకుంటూ వెళ్ళాడు. అది తగలాల్సిన చోటే తగిలి ఉంది. మావాడు అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు.

"పొగ తక్కువ వస్తే చాలదా?" అని అడిగాను.

"ఈ డబ్బా లేదనుకోండి, ఆపి ఉంచిన కారులోంచి కూడా పెట్రోలు ఆవిరైపోతూనే ఉంటుంది. సైలెన్సర్ దగ్గర ఎంత కొలిచినా అది దొరకదు" అన్నాడాయన.

అక్కడి నియమాలన్నీ ఆ మాటలోంచే పుట్టాయనిపించింది. కొత్తగా పెట్టే ఇంజిన్ కారు కంటే పాతది కాకూడదు. కాలిఫోర్నియా ప్రమాణాలకు తయారైన కారులో ఆ ప్రమాణాల ఇంజినే పెట్టాలి. దాంతోపాటు దాని కాలుష్య నియంత్రణ సామాను మొత్తం రావాలి. సగం ఈ కారుది, సగం ఆ కారుది అంటే ఒప్పుకోరు. 1975, అంతకు ముందు మోడల్ పెట్రోలు కార్లకు మాత్రం స్మాగ్ చెక్ బాధే లేదు.

ఆ తర్వాత కారు ముందు చక్రాలను రోలర్ల మీద ఎక్కించి, ఎదురుగా పెద్ద ఫ్యాను పెట్టి, నిలబడ్డ చోటే గంటకు 15 మైళ్ళ వేగంతో, తర్వాత 25 మైళ్ళ వేగంతో నడిపాడు. హైడ్రోకార్బన్లు, కార్బన్ మోనాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ మూడూ తెర మీద కనిపిస్తున్నాయి. మన బంకుల దగ్గర పొల్యూషన్ బండివాడు పెట్రోలు కారుని ఊరికే ఆన్‌లో ఉంచి మొదటి రెండే కొలుస్తాడు. బానెట్ ఎత్తడు.

ఆ మూడోదాని మీద వాళ్ళకంత పట్టింపు ఎందుకంటే, దానికో చరిత్ర ఉంది. 1943లో లాస్ ఏంజెలెస్‌ని కళ్ళు మండించే మసక కమ్మేసింది. కారణం చాలాకాలం తేలలేదు. 1950ల మొదట్లో కాల్‌టెక్ రసాయన శాస్త్రవేత్త హాగెన్-స్మిట్, హైడ్రోకార్బన్లూ నైట్రోజన్ ఆక్సైడ్లూ ఎండలో కలిసి ఓజోన్ పుట్టిస్తున్నాయని తేల్చాడు. 1967లో ఏర్పడ్డ కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డుకి మొదటి ఛైర్మన్ ఆయనే. ఎండకి మన విజయవాడేం తక్కువ?

కారు పాసైంది. రెఫరీ దాని మీద ఒక లేబుల్ అంటించాడు. ఏ ఇంజిన్, దానికి ఏయే భాగాలు ఉండాలి అన్నీ అందులో ఉంటాయి. ఇక మీదట మామూలు స్మాగ్ షాపుకే వెళ్ళొచ్చు.

మన దగ్గరా ఇంజిన్ మారిస్తే రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి, ఆర్సీలో నంబరు మార్పించాలి. కానీ ఆ బొగ్గు డబ్బా సంగతి అడిగే మనిషి కావాలి. ఆటోనగర్ మేస్త్రీలు అది బిగించలేక కాదు, అడిగేవాళ్ళు లేక.

మీ పిల్లలెవరైనా కాలిఫోర్నియాలో పాత కారు కొంటుంటే ఒక్క మాట చెప్పండి. స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన బాధ్యత అమ్మేవాడిదే. ఇంజిన్ మారిన కారైతే రెఫరీ లేబుల్ చూశాకే డబ్బు చేతిలో పెట్టమనండి.