లెవోచాలో నొక క్రొత్తకాపురము

స్లొవాకియా దేశమందలి లెవోచా పట్టణమునకు మేము పోయినపుడు, అచ్చట కాపురముపెట్టిన యొక అమెరికా దంపతుల యింట దిగితిమి. ఆయూరి యాకోబు దేవాలయమున 1517లో ముగించిన, 18 మీటర్లకు మించిన యెత్తుగల దారుశిల్పవేదిక లోకప్రసిద్ధము. ఆ యిల్లాలి సంసారము మా కంతకంటె వింతగొలిపెను.

గడపకడ పాదరక్షలు విడుచుట మనకు సహజము. ఆమె కది క్రొత్త. అంగడిలో నడుగిడగనే ‘దొబ్రీ ద్యెన్’ అని పలుకరింపకున్న మర్యాద గాదు. ఆ భాషలో విభక్తులు ఆఱు. కూరగాయలు కొనుటయు నామె కొక పరీక్షయే. మొదటి శీతకాలమున స్వదేశమునకు పోదమని భర్తకడ కంటనీరు పెట్టినదట.

అచ్చటి పంచాంగమున దాదాపు ప్రతిదినమునకు నొక పేరుండును. ఆ పేరుగలవారికి నాడు పండుగ. తన పేరుగల దినమున పొరుగింటి ముదుసలి పూలగుత్తితో తలుపు తట్టినదట. “నాటినుండి యిది మా యూరైనది” అని యామె మాతో ననెను.