పైన్ చెట్టు కింద పసివాళ్లు

పైన్ చెట్లను తినే పెంకు పురుగు అనగానే అందరూ కెనడా గురించి చెబుతారు. 1990ల చివర నుంచి బ్రిటిష్ కొలంబియాలో 1.8 కోట్ల హెక్టార్లకు పైగా అడవిని దెబ్బతీసిన ఆ పురుగు బెరడు కింద సొరంగాలు తొలిచే రకం. దాని అపఖ్యాతి దానిది. నాకు మాత్రం యూరప్ పైన్ అడవుల్లో అల్లరి లేకుండా బతికే ఇంకో పురుగంటే ఇష్టం. పేరు క్రిప్టోసెఫాలస్ పైనీ. లినేయస్ 1758లోనే దాన్ని తన గ్రంథంలోకి ఎక్కించాడు.

పొడవు అర సెంటీమీటరుకు మించదు, రంగు పసుపు కలిసిన గోధుమ. ఆకులు తినే పెంకు పురుగుల కుటుంబం దానిది. మన గుమ్మడి పాదుల ఆకులకు తూట్లు పొడిచే ఎర్ర పెంకు పురుగూ, వయ్యారిభామ కలుపును అణచడానికి 1984లో బెంగళూరులో వదిలిన మెక్సికో పురుగూ దీనికి దాయాదులే. వాళ్లకు దొరికేది మెత్తటి ఆకు. దీనికి దక్కింది జిగురు నిండిన బిరుసు సూది. వేసవి చివరా శరత్తులోనూ కొమ్మల మీద చేరి ఆ సూదుల్నే కొరుక్కు తింటుంది.

ఈ ప్రజాతి తల్లులు గుడ్డు పెట్టే తీరు ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు. గుడ్డు బయటికి రాగానే తల్లి దాన్ని కింద పడనివ్వదు. పొట్ట చివర ఉన్న చిన్న గుంటలో ఆనించి, వెనక కాళ్లతో మెల్లగా తిప్పుతూ, తన మలాన్నే పొరలు పొరలుగా అద్దుతుంది. గుడ్డు చుట్టూ గట్టి తొడుగు ఏర్పడ్డాకే నేలకు వదులుతుంది. పేడతో ఇల్లు అలుక్కున్న మనకు ఇందులో ఏవగింపు ఎందుకుండాలి? పిల్ల ఆ తొడుగును పారేయదు. ఒక కొస తెరిచి, తలా కాళ్లూ బయటపెట్టి, ఇంటిని మోసుకుంటూ నడుస్తుంది. ఒళ్లు పెరిగినకొద్దీ తన మలంతో గదిని పెంచుకుంటుంది. ప్యూపా దశ వచ్చేసరికి తలుపు మూసి, లోపలే వెనక్కి తిరుగుతుంది. రెక్కలొచ్చాక రెండో కొసను గుండ్రంగా కోసి, మూత తెరుచుకుని బయటపడుతుంది.

పురుగుల్ని వెతికేవాళ్లు కొమ్మ కింద గుడ్డ పట్టి కర్రతో దులుపుతారు. అలా దొరికేవి పెద్దవే. పిల్లలు కావాలంటే మోకాళ్ల మీద కూర్చుని, రాలిన ఆకుల చెత్తను పిడికెడు పిడికెడు చొప్పున తెల్ల కాగితం మీద పరిచి, కదలిక కనిపించేదాకా కాచుకోవాలి. కదలకపోతే ఆ గూడుకూ మట్టిపెళ్లకూ తేడా తెలియదు.