ఆల్బర్టులో ఆ జంట ఆఖరి పాటలు

వడపళని నుంచి ఎగ్మూరుకు బస్సెక్కితే, ఆర్కాటు రోడ్డు పొడుగునా ఒకనాటి సినిమా రాజ్యం జ్ఞాపకం వస్తుంది. వాహినీ స్టూడియో ఉన్నచోట ఇప్పుడు ఆసుపత్రి, అంగళ్ళ మేడ లేచాయి. 2014 ఎండాకాలంలో మేము ఇంటిల్లిపాదీ ఆ దారినే ఆల్బర్టు థియేటరుకు వెళ్ళాం. 1965 నాటి 'ఆయిరత్తిల్ ఒరువన్' కొత్త మెరుగులతో మళ్ళీ ఆడుతోంది. జనం వచ్చింది ఎం.జి.ఆర్. కత్తియుద్ధాలకు, మా నాన్నగారు వచ్చింది పాటలకు.

విశ్వనాథన్, రామమూర్తి విడిపోకముందు జంటగా సంగీతం కూర్చిన ఆఖరి చిత్రం అది. ఆయనది హార్మోనియం, ఈయనది ఫిడేలు. అరవవారి సంగీతం మనకెందుకని ఎవరైనా అంటే మాకు నవ్వొస్తుంది. 1952 లో సి.ఆర్. సుబ్బరామన్ అకాలమరణం పాలైతే, ఆయన సగంలో వదలిన మన 'దేవదాసు' సంగీతాన్ని పూర్తిచేసింది ఈ ఇద్దరే. 1956 లో 'తెనాలి రామకృష్ణ' కూడా వారిదే.

ఎందుకు విడిపోయారో, ఎవరి మాట వారిది. తీర్పు చెప్పడానికి మేమెవరం? మా ఇంటి తగవే మాకు తేలలేదు. పెదనాన్నగారూ నాన్నగారూ వేరుపడినప్పుడు గ్రామఫోను పెట్టె వారికీ, ఈ చిత్రం రికార్డు మాకూ వచ్చాయి. పెట్టె లేని రికార్డు ఏళ్ళ తరబడి బీరువాలో మూగగా పడివుంది. అడిగితే ఇచ్చేవారే. అడిగితేగా!

ఆనాడు మా ఆవిడ "మీరూ రండి, పెద్దమావయ్యగారూ" అని పిలిస్తే ఆయన కాదనలేకపోయారు. అన్నదమ్ములిద్దరి మధ్యా మేము కూర్చున్నాం. ఓడమీది పాటకు హాలంతా ఈలలే. తరువాత మన విజయనగరం ఆడపడుచు సుశీల గొంతు. నాన్నగారు ముందుకు వంగి, "అన్నయ్యా, ఆ ఫిడేళ్ళు విన్నావా?" అన్నారు.

"నువ్వు మాట్లాడకుండా ఉంటే వింటాను."

మాట పోయిన ఇన్నేళ్ళకు అదీ మాటే!

విడిపోబోయేవారి పాటలో కోపం వినబడాలి గదా అని చెవులు రిక్కించాం. ఒక్కచోటా లేదు. బీటిల్సు బృందం కట్టకడపట కలిసి 1969 లో పాడిన 'ఆబీ రోడ్' కూడా అంత తీరుగానే ఉంటుంది.

విశ్వనాథన్ తరువాత 'అంతులేని కథ', 'మరో చరిత్ర' దాకా మనకు పాటలిచ్చారు. రామమూర్తిగారికి కొద్ది చిత్రాలే దక్కాయి. ఇద్దరూ 1995 లో ఒక చిత్రానికి మళ్ళీ కలిశారు, ముప్ఫైయేళ్ళకు. మేము ఆల్బర్టులో కూర్చున్ననాటికి రామమూర్తిగారు పోయి ఏడాది దాటింది. మరుసటి ఏడు విశ్వనాథన్ గారూ పోయారు.

బయట కాఫీ తాగుతూ పెదనాన్నగారు, "ఆ రికార్డు అరిగిపోయిందా?" అని అడిగారు.

"నీ పెట్టె లేకుండా ఎలా అరుగుతుంది?" అన్నారు నాన్నగారు.

ఆదివారం నాడు పెట్టె ఆటోలో దిగింది. దానికి ముల్లు లేదు. ముల్లు దొరికేసరికి రెండు నెలలు పట్టింది.