తిననన్నది మొండితనం కాదు

తిండి దొరకని కష్టం మిల్లు కుటుంబాల వాళ్లందరికీ తెలుసు. ముందర కంచం పెట్టినా తినలేని కష్టం ఒకటుంటుందని మా ఇంట్లో వాళ్లకు మూడేండ్ల కింద తెలిసింది. మా చిన్నబిడ్డకు ఆ జబ్బు వచ్చింది. ఇది రాయమని తనే అన్నది. పేరు మాత్రం వద్దన్నది.

అప్పుడు తనకు పదహారేండ్లు. నవరాత్రుల్లో ఇక్కడి స్నేహితురాళ్లతో కలిసి తొమ్మిది రోజుల ఉపవాసం పట్టింది. మన దిక్కు బతుకమ్మ ఆడి సత్తుపిండి, మలీద తినే రోజులవి. ముంబైలో పుట్టిన పిల్లలకు రెండు పద్ధతులూ సొంతమే కదా అనుకున్నాం. పండుగ అయిపోయింది గానీ ఉపవాసం అయిపోలేదు. సోమవారం శివుడికి, గురువారం సాయిబాబాకు, శనివారం హనుమంతుడికి. దేవుడి పేరు చెబితే ఇంట్లో ఎవరు కాదంటారు? మిగతా రోజుల్లో కాలేజీలో తిన్నానని చెప్పేది. కొన్ని నెలల్లోనే జుట్టు రాలింది, నెలసరి ఆగింది, ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకునేది. ఆ తర్వాత తిన్న కాస్తా కక్కడం మొదలైంది.

మా చాల్‌లో సండాసు అందరికీ కలిపే. లోపల ఎవరు దగ్గినా బయటికి వినిపిస్తుంది. నెలసరి లేదు, వాంతులు అవుతున్నాయి. ఇక నలుగురూ ఏమనుకుంటారో చెప్పనక్కర లేదు. ఒకామె నా పక్కన కూర్చుని, "ఎన్నో నెల?" అని మెల్లగా అడిగింది. ఆ మాట బిడ్డ చెవిన పడింది. ఆ రాత్రి, "నేను లేకుంటేనే మీకు మంచిదమ్మా" అన్నది.

అంతకు ముందే దగ్గర్లో ఒక డాక్టరుకు చూపించాం. ఆయన ఆకలి పుట్టడానికి టానిక్ రాసి, "మొండిపిల్ల, రెండు తగిలించండి, తింటుంది" అన్నాడు. బిడ్డ ఆ టానిక్ కూడా తాగలేదు.

నా పెద్దకొడుకు కాలేజీలో గోడ మీద ఒక నంబరు చూసి రాసుకొచ్చాడు. 14416. టెలీ మానస్ అంటారు. 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. రాత్రనక పగలనక పలుకుతారు, డబ్బులు పడవు. బిడ్డ ఆ మాట అన్న రాత్రే నేను ఫోన్ చేసి తెలుగు కావాలన్నాను. మరాఠీలో కూరగాయలు బేరం చేస్తాను, హిందీలో పనిచోట మాట్లాడతాను. బిడ్డ మీద భయం చెప్పుకోవడానికి మాత్రం నాకు తెలుగే కావాలి. అవతలి అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. పిల్లను ఒంటరిగా వదలొద్దన్నది. కళ్లు తిరుగుతున్నాయా, గుండె దడ ఉందా అని అడిగి, పొద్దున్నే పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నది. ముంబైలో కేఈఎం, నాయర్, సయన్ లాంటి పెద్ద మున్సిపల్ ఆసుపత్రుల్లో మానసిక విభాగం ఉంటుంది.

మేం వెళ్లిన చోట డాక్టరమ్మ ముందు ఒళ్లు చూసింది. పడుకోబెట్టి నాడి చూసింది, నిలబెట్టి మళ్లీ చూసింది. ఈసీజీ తీయించింది, రక్తంలో పొటాషియం చూపించింది. కక్కితే పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుందట. చాలా రోజులు తినని మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టినా ప్రమాదమేనట, రక్తంలో లవణాలు తారుమారవుతాయట. అందుకే కొన్నాళ్లు వార్డులో ఉంచుకుని, పరీక్షలు చూసుకుంటూ తిండి కొంచెం కొంచెంగా పెంచారు.

ఆ డాక్టరమ్మ "ఎందుకు తినవు?" అని అడగలేదు. "రోజులో ఎంతసేపు తిండి గురించే ఆలోచిస్తావు?" అని అడిగింది. బిడ్డ గోడ వైపు తిరిగి ఏడ్చింది. "నిద్రలేచిన దగ్గర్నుంచి అదే" అన్నది. అన్ని నెలల్లో తనను ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే.

దీన్ని అనొరెక్సియా అంటారని, ఉన్నోళ్లకూ లేనోళ్లకూ, మగపిల్లలకూ వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఒళ్లు ఎండితే మనసు కూడా మారిపోతుందట. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో 36 మంది ఆరోగ్యమైన మగవాళ్లు తమంతట తామే ముందుకొచ్చి ఆరు నెలలు సగం తిండితో ఉన్నారట. వాళ్లకూ చలి, చిరాకు, ఎప్పుడూ తిండి ధ్యాసే. కొందరు కూర్చుని వంటల పుస్తకాలు చదివేవారట.

ఇంటికొచ్చి ఇది మా అత్తమ్మకు చెప్పాను. 1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైనప్పుడు మా మామ సాంచాలు నడిపేవాడు. ఆ రోజులు చూసిన మనిషికి కంచంలో బువ్వ వదిలేయడం అంటే పాపం. "మేము దొరకక ఏడ్చినం, ఇది దొరికి తింటలేదు" అని ఎప్పుడూ గొణిగేది. ఆ రోజు మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మనవరాలి దగ్గర కూర్చుని, "నాక్కూడ గట్లనే అయ్యేదే బిడ్డా. కలల సుత జొన్నరొట్టె, పుంటికూరనే. ఎవరన్న మాట్లాడిస్తె కోపమొచ్చేది" అన్నది. బిడ్డ నాయనమ్మ ఒళ్లో తల పెట్టింది.

అక్కడి సైకాలజిస్టు మాకు చెప్పినవి ఇవి. తిండే మందు, మందులాగే వేళకు పెట్టాలి. రోజుకు మూడు పూటల తిండి, నడుమ మూడుసార్లు చిరుతిండి. ఎంత పెట్టాలో కొన్నాళ్లు పెద్దవాళ్లే చూసుకోవాలి. తినేటప్పుడు ఒకరు పక్కన కూర్చోవాలి, బతిమాలొద్దు, తిట్టొద్దు, లెక్కలు మాట్లాడొద్దు. తిన్నాక ఒక గంట వదలకుండా ఏదో ఒక ఆటలో పెట్టాలి. "కోపం జబ్బు మీద పెట్టుకోండి, పిల్ల మీద వద్దు" అన్నది. ఒక్కో పూట కంచం ముందు గంటన్నర పట్టేది. మా ఆయన పాత మిల్లు జాగలో కట్టిన టవర్‌లో సెక్యూరిటీ. పొద్దటి పూట పక్కన కూర్చోవడానికి రాత్రి డ్యూటీ అడిగి వేయించుకున్నాడు. పగలు అత్తమ్మ కూర్చునేది. తిన్నాక ఇద్దరూ అష్టాచెమ్మా ఆడేవాళ్లు. వారానికోసారి ఆసుపత్రి అంటే నాకు సగం రోజు కూలి పోయేది.

పది నెలలకు నెలసరి వచ్చింది. అంతటితో జబ్బు పోలేదు. ఒక పెళ్లిలో చుట్టాలామె ప్రేమగానే, "ఇప్పుడు బాగా ఒళ్లు చేసినవే" అన్నది. రెండు రోజులు కంచం ముట్టలేదు. పరీక్షలప్పుడు మళ్లీ అంతే. అలాంటివి ఉంటాయని సైకాలజిస్టు ముందే చెప్పింది కాబట్టి మేం భయపడి వదిలేయలేదు. ఇప్పుడు బీకాం చదువుతోంది, నెలకోసారి వెళ్లొస్తోంది. పోయిన బతుకమ్మకు మలీద తనే ముద్దలు కట్టింది. ఒకటి తిన్నది కూడా. ఎవరూ ఏమీ అనలేదు, అనొద్దని ముందే అనుకున్నాం.

మీ ఇంట్లో పిల్లకో పిల్లగాడికో ఇలా ఉంటే చేతబడి, దిష్టి అని నెలలు పోనివ్వకండి. కళ్లు తిరిగి పడినా, గుండె దడ అన్నా, చస్తానన్నా ఆ రోజే తీసుకుపోండి. వైద్యం అడగడం మన హక్కని, చూపించుకున్న సంగతి గుట్టుగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది. మొదటి డాక్టరు తిడితే రెండో డాక్టరు దగ్గరికి పోండి. ఎటు పోవాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేసి తెలుగు కావాలని చెప్పండి.