స్లోలో నిలవని బండి

మన ఏజెన్సీలో ఒక ఇంట్లో వ్యాను ఉందంటే అది ఊరందరికీ ఉన్నట్టే. సంతకు పసుపు, మిరియాలు దించాలన్నా, రాత్రిపూట గర్భిణిని పాడేరు ఆసుపత్రికి చేర్చాలన్నా అదే దిక్కు. అలాంటి బండికి జబ్బు చేస్తే ఎలా కనిపెడతారో సంక్రాంతి సెలవుల్లో చూశాను. అది మీకు చెబుదామని రాస్తున్నాను.

మా మావయ్యది మూడు సిలిండర్ల పాత పెట్రోలు వ్యాను, కార్బొరేటర్ బండి. రోడ్డు మీద పోతున్నంతసేపూ బాగానే ఉండేది. న్యూట్రల్ చేసి స్లోలో పెడితే మాత్రం మలేరియా వచ్చినవాడిలా వణికేది, ఆగిపోబోయేది. కింద టౌనులో ఒక షాపువాళ్లు చూసి "కార్బొరేటర్ పోయింది, కొత్తది వెయ్యాలి, ఏడు వేలవుతాది" అన్నారట. అంత డబ్బు లేక మావయ్య బండి అమ్మేద్దామనుకున్నాడు.

అప్పుడు మా పెదనాన్న వచ్చాడు. ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ముందు గట్టు మీద కూర్చుని అడగడం మొదలెట్టాడు.

"ఎప్పుడు వణుకుతాది? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?"

"రెండప్పుడూను బావా."

"రేజ్ చేస్తే?"

"బాగుంటాది."

"ఇంకేటి తేడా ఉంది?"

"ఏటీ లేదు. ఈమధ్య బ్రేకు గట్టిగా తొక్కాలి. అది వేరే."

పెదనాన్న తల ఊపాడు. తర్వాత ఖర్చు లేని పనులన్నీ ఒక్కొక్కటే చేశాడు. ఎయిర్ ఫిల్టర్ తీసి దుమ్ము దులిపాడు, తేడా రాలేదు. ప్లగ్గులు మూడూ విప్పి నాకు చూపించాడు. కొనలు గోధుమరంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లగా మసి పడితే పెట్రోలు ఎక్కువైనట్టు. ఇవి మూడూ తెల్లగా ఉన్నాయి. అంటే పెట్రోలుకి మించి గాలి పోతోంది.

ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేసి, రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయరుతో ఒక్కో ప్లగ్గు వైరూ తీసి పెట్టాడు. ఏది తీసినా ఇంజను ఒకేలా కుంగింది. మూడు సిలిండర్లూ పనిచేస్తున్నాయన్నమాట. తప్పు మూడింటికీ గాలి పోయే దారిలోనే ఉంది.

అప్పుడు చెవి పెట్టి విన్నాడు. సన్నగా బుస వినిపించింది. ఇంజను నుంచి బ్రేకు బూస్టరుకి పోయే రబ్బరు పైపు ఇంజను వైపు చివర పగిలింది. వేలితో మూశాడు, వణుకు ఆగింది. తీశాడు, మళ్లీ మొదలైంది!

ఎందుకలా? ఇంజనులో ఒక వంతు పెట్రోలు కాలడానికి తూకంలో సుమారు 15 వంతుల గాలి కావాలి. స్లోలో ఇంజను తాగే గాలే కొంచెం. పగుల్లోంచి దొంగగాలి చేరితే లెక్క చెడిపోతుంది. రేజ్ చేస్తే ఎక్కువ గాలి తాగుతుంది గనుక ఆ కాస్తా తెలియదు. చిన్న ముంతలో అంబలికి చెంబుడు నీళ్లు పోస్తే పలచనైపోతుంది, పెద్ద గుండిగలో పోస్తే తెలియదు కదా!

బ్రేకు సంగతి కూడా అక్కడే తేలింది. ఇంజను గాలి పీల్చే బలంతోనే బూస్టరు మన కాలికి సాయం చేస్తుంది. పైపు పగిలితే ఆ సాయం తగ్గిపోతుంది. మావయ్య "అది వేరే" అన్నది వేరే కాదు. జనాన్ని ఎక్కించుకుని ఘాటు దిగేటప్పుడు ఆ బ్రేకే కదా ప్రాణం! రెండు వందల పైపుతో రెండు జబ్బులూ పోయాయి.

మీ ఇళ్లలో బండి ఉంటే పెద్దవాళ్లకి ఈ పరీక్ష చెప్పండి. ఇంజను ఆపి బ్రేకు నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చెయ్యాలి. పెడలు కొంచెం కిందికి దిగితే బూస్టరు పనిచేస్తున్నట్టు. దిగకపోతే మెకానిక్‌కి చూపించాలి. ప్లగ్గు వైర్లు మాత్రం మనం ముట్టుకోకూడదు, షాక్ కొడుతుంది.

ఇంకో మాట. హాస్టల్లో మనకు ఒంట్లో బాగోకపోతే సిస్టర్ గారికి తలనొప్పి ఒక్కటే చెప్పి ఊరుకోకండి. రాత్రి చలి పుట్టిందా, వాంతి అయిందా, అన్నీ చెప్పండి. "అది వేరే" అని మనం దాచిందే అసలు సంగతి కావచ్చు.

— ఒక విద్యార్థి, 9వ తరగతి