మా మల్లెపొదలు

వసంతమున పూచు మొక్కలలో మల్లెకు సాటివచ్చునది మాకు కనబడలేదు. రూపమున గులాబి మిన్నయే కావచ్చును. కాని గడ్డిపోచలు సైతము మాడిపోవు చైత్ర వైశాఖములలో నిండుగ పూయుట మల్లెకే చెల్లినది.

మా వసతిగృహపు నూతి చెంత అయిదు మల్లెపొదలు గలవు. ఆరవది యేమైనదో ముందు చెప్పెదము. ఇవి విత్తనముల వలన మొలచినవి కావు. ముద్దమల్లె గింజ కట్టదు. మాకు పూర్వము చదివిన విద్యార్థులు ఒక పాత పొద కొమ్మలను నేలకు వంచి, బెరడు కొంచెము గీచి, మట్టి కప్పి, వేరు పట్టిన పిమ్మట కోసి నాటిరట. కావున ఇవి యన్నియు ఒక్క తల్లి శరీరమే యనవచ్చును.

మల్లెకు చేయు ఉపచారము చూపరులకు క్రూరముగ తోచును. మార్గశిరమున నీరు మానివేయవలెను. పుష్యమున కొమ్మలను మోకాటియెత్తున కత్తిరించి, మిగిలిన యాకులు దూసి, మొదలు త్రవ్వి, పశువుల యెరువు వేసి, అప్పుడు మరల నీరు పెట్టవలెను. క్రొత్త చిగుళ్ల కొనలయందే మొగ్గలు తొడుగును గనుక పాత కొమ్మలపై జాలిపడి లాభము లేదు. అయినను, నిరుడు తోటమాలి కత్తెర పట్టినప్పుడు ఆరవ తరగతి పిల్లలు కొందరు కన్నీరు పెట్టుకొనిరి.

అంతకంటె గట్టి పరీక్ష మాఘాంతమున వచ్చెను. చిగుళ్లు సాగు సమయముననే నూతి నీరు అడుగంటెను. త్రాగుటకే కొరతగా నుండగా పూలమొక్కలకు నీరేల యని పెద్దలు ప్రశ్నించిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. మేము ఒక్క చెంబెడైనను అదనముగ కోరలేదు. ముఖము కడుగుకొనిన నీరును, వంటయింటి బియ్యపు కడుగును కుండలలో పట్టి, వంతులవారీగ ప్రతి సాయంకాలము మొదళ్లకు పోసితిమి. సబ్బు కలిసిన నీటిని మాత్రము దూరముగ పారబోసితిమి. అయిదు వారములు ఇట్లు గడచెను. నూతికి దూరముగ, రాతినేలలో నున్న పొద దక్కలేదు. తక్కినవి బ్రదికెను.

మల్లెమొగ్గ సంధ్యవేళకు గాని విచ్చుకొనదు. లిన్నేయసు పండితుడు 1753లో దీనికి 'రాత్రిపూవు' అను నర్థము వచ్చు గ్రీకు పేరు పెట్టినది ఇందుచేతనే కాబోలు. 1789లో ఎయిటను దీనిని జాస్మినం జాతిలో చేర్చెను. మాకు మొదటి పేరే నచ్చినది. ఈస్టరుకు ముందటి శనివారము మొగ్గలు కోసి తడిగుడ్డలో నుంచితిమి. తెల్లవారుజామున ఆరాధనకు పోవుసరికి అవి యన్నియు విచ్చి, దీపములు వెలిగింపక మునుపే పరిమళము ద్వారమువరకు వ్యాపించి యుండెను. నీటిని గూర్చి ప్రశ్నించిన పెద్దలలో నొకరు దోసెడు పూలు అడిగి, తమ యింటికి కొనిపోయిరి.

ఎండిన పొద స్థానమున రాళ్లు తీసి, చెరువుమట్టి నింపితిమి. ప్రక్క పొద కొమ్మ నొకదానిని అందులోనికి వంచి, పైన ఇటుక బరువు పెట్టితిమి. మొన్న మట్టి కొంచెము కదలించి చూడగా తెల్లని వేళ్లు రెండు కనబడెను. మరల కప్పివేసితిమి.